పాత జీపు, బిగించిన స్టీరింగు

వదులుగా ఉన్న వస్తువేదైనా కనబడితే నాకు తోచదు. తలుపు గొళ్ళెం కాస్త ఊగినా, కుక్కరు పిడి కదిలినా, దాన్ని బిగించేదాకా ప్రాణం కుదురుగా ఉండదు. బెంజ్ సర్కిల్ దగ్గర నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొచ్చి జాకెట్టు ముక్క అడిగే ఆడవాళ్ళు ఒక ఎరుపుకీ ఇంకో ఎరుపుకీ మధ్య ఊగిసలాడుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. పై అరలోంచి నేనే ఒక తాను లాగి కౌంటరు మీద పడేసి, "మీ చీరకి ఇదేనండీ, ఇంక వెతక్కండి" అంటాను. చాలామంది మారు మాట్లాడకుండా తీసుకెళతారు. కొందరు నన్ను తిట్టుకుంటూ పక్క షాపుకి పోతారు. మా ఆయన మాత్రం తీసుకోరు, తిట్టుకోరు, పోరు. విననట్టు ఊరుకుంటారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే మా కాపురం.

ఆయనకు గుడివాడ అవతల చేపల చెరువులున్నాయి. ఒకప్పుడవి వరి పొలాలే. చుట్టూ అందరూ చెరువులు తవ్వేశాక ఊట నీళ్ళకి మా చేను నిలవలేదు. ఆయనా తవ్వించారు. ఇల్లు మాత్రం బెజవాడలోనే. వారంలో సగం రోజులు తెల్లవారగానే జీపు తీసుకుని వెళతారు. నీళ్ళ రంగు మారిందా, తాళ్ళకి కట్టి నీళ్ళలో వేలాడదీసిన మేత సంచులు ఖాళీ అవుతున్నాయా, చేప ఎక్కడైనా పైకి తేలుతోందా అని గట్ల మీద తిరిగి స్వయంగా చూసుకుంటే తప్ప ఆయనకు అన్నం సయించదు. ఫోనులో ఫోటోలు పెట్టమంటే మనుషులు పెడతారు. కానీ ఫోటోలో నీళ్ళ వాసన రాదంటారాయన.

ఆ జీపు మాకు సెకండ్ హ్యాండులో వచ్చింది. అప్పటికే ముసలిది. నాలుగు చక్రాలూ లాగే గేరుంది కాబట్టి వానాకాలం నల్లమట్టి గట్ల మీద కూడా దిగబడకుండా పోతుంది. అంతవరకు దాని మీద నాకు గౌరవమే. స్టీరింగు దగ్గరే మాకు పడలేదు. దాన్ని బెత్తెడు ఇటు తిప్పినా, బెత్తెడు అటు తిప్పినా ముందు చక్రాలకు కబురు అందదు. ఆ బెత్తెడు దాటాకే బండి కదలాలా వద్దా అని ఆలోచిస్తుంది. తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా ఆయన చేతులు మజ్జిగ చిలుకుతున్నట్టు ఇటూ అటూ ఆడుతూనే ఉండాలి. ఇంజను స్టార్టు చేస్తే చాలు, ఆ స్టీరింగు దానంతటదే దడదడ వణికేది. పక్క సీట్లో కూర్చుంటే నా కాలు లేని బ్రేకుని తొక్కుతూ ఉండేది.

కంకిపాడు దాటాక మా దారి చాలా దూరం కాలువ పక్కనే పోతుంది. రోడ్డుకీ నీళ్ళకీ మధ్య గడ్డి తప్ప ఏమీ లేదు. కాలువలో కారు పడిందన్న వార్త లేని వానాకాలం మా వైపు ఉండదు. ఆ వార్త చదివిన ప్రతిసారీ పేపరు ఆయన కంచం పక్కన పెట్టేదాన్ని. ఆయన దాన్ని మడిచి, దాని మీద గ్లాసు పెట్టుకుని భోంచేసేవారు.

"స్టీరింగు బాగు చేయించండి" అని నేను అనడం, "దానికీ నాకూ అలవాటైపోయిందిలే" అని ఆయన అనడం. కొత్త కారు ఇంటి కింద ఉంది కదా, అదైనా తీసుకెళ్ళండి అంటే, "గట్టెక్కదు" అనేవారు. పోనీ డ్రైవర్ని పెట్టుకోండి అంటే లేచి వెళ్ళిపోయేవారు. నేను దానికి పిసినారితనమనీ, బద్ధకమనీ, పాత సామాన్ల మీద మోజనీ వరసగా పేర్లు పెట్టాను. నా భయం ఒక్కటే, ఈ మనిషి ఏదో ఒక రోజు జీపుతో సహా కాలువలో పడతాడని. ఆయన భయం వేరే ఉందని అప్పట్లో నాకు తెలియదు.

ఈ వానాకాలం మొదట్లో ఒక పొద్దున నేనూ ఆయనతో వెళ్ళాను. చేప పట్టుబడి రోజు. పట్టుబడి రోజు నేను వెళతాను, కాటా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను, వ్యాపారుల మనుషులకి నేనంటే కాస్త భయం. కాలువ రోడ్డు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. ఆయన పక్కకి తిప్పారు. జీపు తిరగలేదు. ఇంకా తిప్పారు. అప్పుడు ఒక్కసారిగా తిరిగి, ఎడమ చక్రం గడ్డిలోకి దిగి, బండి నీళ్ళ వైపు ఒరిగి ఆగింది. నా కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు లేదు, నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపు డెక్క ఉంది. ట్రాక్టరు వాడు ఆగి నవ్వుతూ ఏదో అన్నాడు. మా ఆయన కూడా నవ్వారు. నాకు మాత్రం ఆ రోజంతా కాటా మీద ముల్లు సరిగా కనబడలేదు.

ఇంటికొచ్చాక నేను ఆయనతో వాదించలేదు. వాదన ఎత్తలేదంటే నేనేదో నిశ్చయించుకున్నానని ఆయనకు తెలిసి ఉండాలి. తర్వాతి వారం ఆయన ఇంకో రైతు కారులో భీమవరం వెళ్ళారు, మేత బేరం మాట్లాడటానికి. కారు సందు మలుపు తిరగగానే జీపు తాళాలు తీసుకున్నాను.

అంతకుముందెప్పుడూ ఆ జీపు నేను నడపలేదు. మా ఇంటి నుంచి ఆటోనగర్ ఎంతో దూరం లేదు. అయినా ఆ కాస్త దూరం ఎడమ పక్క ఆటోలనీ, కుడి పక్క సిటీ బస్సులనీ బతిమాలుకుంటూ, స్టీరింగుని ఇటూ అటూ వెతుక్కుంటూ వెళ్ళేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ఒక ఆటో అతను పక్కకొచ్చి, "ఏంటమ్మా, ఇప్పుడే నేర్చుకుంటున్నావా?" అని అడిగాడు. "నేను కాదు, బండి నేర్చుకుంటుంది" అన్నాను.

ఆటోనగర్‌లో ఒక షాపులో బండి మొత్తం బాగుచేస్తారనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. అక్కడ ఒక సందులో రేడియేటర్లే చేస్తారు, ఇంకో సందులో బండి బరువు మోసే కమాన్ కట్టలే విప్పుతారు, మరో చోట సీట్లే కుడతారు. బండికి ఒక జబ్బుంటే అది ఎవరి సందుదో తేలేలోపు మనం అన్ని సందులూ తిరగాలి. స్టీరింగుల పని చేసేది ఒక సాయిబుగారు. పొడుగు మనిషి, గొంతు ఇంకా పొడుగు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు చక్రాల కింగ్ పిన్నులు పోయాయి మేడమ్, ఇందులో అనుమానమే లేదు" అన్నాడు.

"స్టీరింగు పట్టుకోనన్నా లేదుగా భాయ్, ఎలా చెబుతున్నారు?"

"నా ముందు ఎన్ని జీపులు నిలబడ్డాయో ఎవరినైనా అడగండి. చక్రం నిలబడిన తీరే చెప్పేస్తది."

పిన్నుల షాపు వెనక సందులో. వాళ్ళు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి, పిన్నులు దిట్టంగా ఉన్నాయనీ, రాడ్ల చివర కీళ్ళు పోయాయనీ చెప్పారు. కీళ్ళు మార్పించాను. మళ్ళీ సాయిబుగారి దగ్గరికి వచ్చేసరికి ఆయన నమాజుకి వెళ్ళాడు. షాపు ముందు ఇనప స్టూలు మీద కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. మా షాపులో అమ్మాయికి ఫోను చేసి ఆకుపచ్చ తానులు సర్దమన్నాను, అవి నిన్ననే సర్దించినవి. కాలుగాలిన పిల్లిలా ఆ సందులో నేను తిరుగుతుంటే పక్క షాపు వాళ్ళు పని ఆపి చూశారు.

సాయిబుగారు వచ్చి, జీపు కింద దూరి, నన్ను సీట్లో కూర్చుని స్టీరింగు మెల్లగా ఊపమన్నాడు. కదలిక పైనుంచి బయలుదేరి ఎక్కడ ఆగిపోతోందో కిందనుంచి చేత్తో పట్టి చూస్తాడన్నమాట.

"ఊపండి మేడమ్. ఆపండి. ఊపండి. అదిగో, ఇక్కడ చచ్చిపోతుంది."

"ఏంటి చచ్చిపోయేది?"

"మీ ఊపు. స్టీరింగు బాక్సులోనే చచ్చిపోతుంది. పొద్దున్నే చెప్పాగా నేను, బాక్సని."

పొద్దున ఆయన చెప్పింది పిన్నులని. ఆ మాట అనబోయి, పని అయ్యేదాకా నోరు కట్టుకున్నాను. బాక్సు విప్పి, లోపల అరిగినదేదో మార్చి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. చివరికి మిగిలింది బాక్సు నెత్తిమీద ఉండే చిన్న స్క్రూ. దాని నట్టు వదులు చేసి, స్క్రూని లోపలికి తిప్పితే స్టీరింగు బిగుస్తుంది, బయటికి తిప్పితే వదులవుతుంది. అంతే. ఇన్నేళ్ళ మా పోట్లాట మొత్తం ఆ స్క్రూ మీద ఉందని తెలిసి నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

"ఈ బండి తోలేది ఎవరు మేడమ్?" అని అడిగాడు సాయిబుగారు, స్క్రూడ్రైవరు అక్కడ పెట్టి.

"మా ఆయన."

"అయితే రేపు ఆయన్ని పంపించండి. ఆఖరి బిగింపు తోలే మనిషిని సీట్లో కూర్చోబెట్టే చేస్తాం మేము. ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క లెక్క ఉంటది. అందరికీ ఒకటే బిగిస్తే తిట్టుకుంటారు."

"ఆయన రారు. నేను కూర్చుంటాను, బిగించండి."

ఆయన నన్ను ఒకసారి చూసి, నుదుటి మీది కళ్ళజోడు కళ్ళకి దించుకున్నాడు. "పోనీ వేలెడు ప్లే, అదే వదులు, ఉంచుతా. పాత బండికి ఆ మాత్రం ఉంటేనే చేతికి సుఖం. లేకపోతే ప్రతి గుంటా మణికట్టుకి తగులుద్ది."

"ఉంచకండి. ఎంత తీయగలిగితే అంత తీసెయ్యండి."

తీసేశాడు. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పించి ఎక్కడా పట్టేయకుండా చూసి, నట్టు బిగించాడు. ఇంజను స్టార్టు చేశాను. స్టీరింగు కదల్లేదు. నా అరచేతుల కింద గుమ్మంలా నిలబడింది. అక్కడినుంచి బందరు రోడ్డెక్కి ఇంటికొచ్చేదాకా చిటికెన వేలు కదిపితే చాలు బండి మాట వింది. ఆ సాయంత్రం నేను పాట పాడుకుంటూ వంట చేశాను. మా ఇంట్లో అది అరుదు.

ఆయన వచ్చాక చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కిందికి వెళ్ళి జీపులో కూర్చుని, చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక, "బాగా బిగించారు" అన్నారు. అన్నం సగం తిని లేచారు. పంతం నెగ్గిన సంతోషంలో నేను ఆ సగం అన్నాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు నేనూ వస్తానన్నాను. వద్దన్నారు. వద్దంటే వినే అలవాటు నాకు లేదు. నా చేతి పని ఆయన చేతిలో ఎలా ఉందో చూడాలని నాకు ఆత్రంగా ఉంది.

కాలువ రోడ్డు మీద జీపు పాములా పోయింది. ఏళ్ళ తరబడి మజ్జిగ చిలికిన చేతులు కదా, ఆ అలవాటు కొద్దీ ఇటూ అటూ తిప్పుతున్నారు. ఇప్పుడు తిప్పిన ప్రతిసారీ బండి నిజంగా తిరుగుతోంది. "చేతులు ఆడించకండి, ఊరికే పట్టుకోండి" అన్నాను. "తెలుసు" అన్నారు. మెడ మీద నరాలు కనబడుతున్నాయి. అలవాటు తప్పడానికి నాలుగు రోజులు పడుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సీట్లో స్థిమితంగా కూర్చోలేకపోయాను. నీళ్ళ వైపు చూడకూడదనుకుంటూ నీళ్ళ వైపే చూశాను.

చెరువుల ముందున్న ఊరు దాటి మా గట్టెక్కాక, వాన మట్టి మెత్తగా ఉండటంతో ఆయన బండి ఆపారు. ఇంజను ఆపలేదు. కిందికి దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చెరువు వైపు చూస్తున్నారు. నేను ఏదో చెప్పబోతూ ఆ చేతుల వైపు చూశాను. స్టీరింగు నిశ్చలంగా ఉంది. దాని మీద ఆయన చేతులు వణుకుతున్నాయి.

కుడి చెయ్యి ఎక్కువగా వణుకుతోంది. ఎడమ చెయ్యి దాన్ని చూసి నేర్చుకుంటున్నట్టుంది. నేను చూస్తున్నానని తెలిసి ఆయన గట్టిగా పట్టుకున్నారు. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువైంది. చప్పున చేతులు తీసి చంకల్లో పెట్టుకున్నారు, చలి వేసిన మనిషిలా. ఉక్కపోతగా ఉంది ఆ పొద్దున.

ఇన్నాళ్ళూ స్టీరింగు వణికేది కాబట్టి చేతులు వణుకుతున్నాయని ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కాఫీ చల్లారిపోతే తప్ప గ్లాసు ముట్టుకోరు, అదీ నేను వంటింట్లోకి వెళ్ళాక. చొక్కాలు మానేసి బొత్తాల్లేని టీషర్టులు కొనుక్కున్నారు, వయసుకి తగ్గ వేషం కాదని నేను వేళాకోళం చేశాను. సంతకం పెట్టాల్సి వస్తే కాగితం పట్టుకుని పక్క గదిలోకి పోతారు. రెండు ఎరుపులకి తేడా షాపు ఆ చివరి నుంచి చెప్పగల దాన్ని, ఒకే మంచం మీద పడుకునే మనిషి చేతులు చూడలేకపోయాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏంటి?"

"నా దగ్గర నాటకాలొద్దు. ఎన్నాళ్ళ నుంచి?"

"ముందటేడు మొదలైంది. అప్పుడు కొంచెమే."

"డాక్టరుకి చూపించారా?"

"గుంటూరులో చూపించుకున్నా. బెజవాడలో అయితే ఎవరో ఒకళ్ళు చూస్తారుగా. మందులిచ్చారు. పూర్తిగా తగ్గదంట. నెమ్మదిగా పెరుగుద్దంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఊరుకుంటావా? ఆ సాయంత్రమే నన్ను ఏ హైదరాబాదో ఎక్కించేదానివి. జీపు తాళాలు నీ బీరువాలోకి వెళ్ళిపోయేవి."

అది నేను చేసి ఉండేదాన్నే. నిజం ఎదురుగా పెడితే నాకు ఇంకా కోపం వస్తుంది. "తాళాలు పోతే పోయాయి, మనిషి కాలువలో పోతే?" అన్నాను గట్టిగా.

ఆయన నెమ్మదిగానే చెప్పారు. "ఇక్కడ సంగతి నీకు తెలుసు. రైతుకి కాస్త ఓపిక తగ్గిందని తెలిస్తే చాలు, చెరువులు లీజుకిస్తారా అని వచ్చేస్తారు. ఒకడు అడిగితే పక్కవాడు అడుగుతాడు. పది మంది అడిగాక మనకే అనిపిస్తుంది, ఇచ్చేస్తే పోలా అని. ఇచ్చేశాక నేనేం చెయ్యాలి? నీ షాపులో జాకెట్టు ముక్కలు మడతెట్టాలా?" చెరువు వైపు చూస్తూ, "అవి కూడా మడతెట్టలేను ఈ చేతుల్తో" అన్నారు.

నిజమే. మా వైపు లీజు అడగడం అంటే మర్యాదగా నీ పని అయిపోయిందని చెప్పడం. ఆయన స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురు అలాగే గట్టు దిగిపోయి, ఊళ్ళో టీ కొట్టు దగ్గర పొద్దంతా కూర్చునే మనుషులైపోయారు. ఆ కొట్టు ముందు నుంచి వెళుతున్నప్పుడల్లా ఈయన జీపు కాస్త వేగంగా పోనిచ్చేవారు.

ఇంతలో కాపలా ఉండే అతను గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. "ఆ మూల చెరువులో చేప తేలుతుందండీ. బండి అటు తిప్పుతారా, చూద్దురుగాని?"

"నడిచొస్తాలే, పద" అన్నారు, చేతులు చంకల్లోనే ఉంచి. కాపలా మనిషి ఆశ్చర్యంగా జీపు వైపూ నా వైపూ చూశాడు. ఆ మూలకి ఆయన నడిచి వెళ్ళడం అతను ఎప్పుడూ చూసి ఉండడు. నేను పక్కకి తిరిగి కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక ఇంజను కట్టేసి, జీపులో కూర్చోలేక దిగాను. గట్టు మీద అటూ ఇటూ నడిచాను. కాకులు మేత సంచుల తాళ్ళ మీద వాలి నీళ్ళలోకి చూస్తున్నాయి. ఎవరికి ఫోను చెయ్యాలో తెలియలేదు. చేసి ఏం చెప్పాలో అంతకన్నా తెలియలేదు. ఏదో ఒకటి వెంటనే చేసెయ్యాలి, చేసెయ్యడానికి ఏమీ లేదు. నా జీవితంలో అంత పొడుగు పొద్దు లేదు.

ఆయన తిరిగొచ్చి, నాతో మాట్లాడకుండా సీటు కింద నుంచి స్పానరూ స్క్రూడ్రైవరూ తీసి, బానెట్ ఎత్తారు. బాక్సు మీద నట్టు ఎలాగో వదులు చేశారు. స్క్రూ గాడిలో స్క్రూడ్రైవరు మొన పెట్టబోతే అది పక్కకి పోయింది. మళ్ళీ పెట్టారు. టకటకమని ఇనుము మీద కొట్టుకుంది కానీ గాడిలో కూర్చోలేదు. రెండు చేతులతో పట్టుకున్నారు. అప్పుడూ కూర్చోలేదు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆయన తల ఎత్తకుండా స్క్రూడ్రైవరు నా వైపు చాపారు.

"కొంచెం వదులు చెయ్యి. ఊరు దాటేదాకానే."

"నేను నడుపుతాను. మీరు పక్కన కూర్చోండి."

"ఈ పొద్దప్పుడు అందరూ టీ కొట్టు దగ్గరే ఉంటారు. నా జీపులో నేను పక్కన కూర్చుని ఊళ్ళోంచి పోతే, ఇంటికెళ్ళేలోపే ఫోన్లు మొదలవుతాయి."

నేను తీసుకోలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీయలేదు. గాల్లో ఆ స్క్రూడ్రైవరు వణుకుతూ ఉంది. బిగించమని నేను ఎన్నేళ్ళు పోరానో, ఆటోనగర్ అంతా ఎలా తిరిగానో, అదంతా ఆయన నన్ను ఇప్పుడు విప్పమంటున్నారు. కాలువ గుర్తొచ్చి వద్దనిపించింది. కానీ కాలువ ఊరు దాటాక కదా వచ్చేది. ఊళ్ళో ఉన్నవి మనుషుల కళ్ళే. తీసుకున్నాను. గాడిలో పెట్టి బయటికి తిప్పాను. ఆయన సీట్లో కూర్చుని స్టీరింగు ఊపి చూసి, "ఇంకొంచెం" అన్నారు. ఇంకొంచెం తిప్పాను. ఇంజను స్టార్టు చేశారు. స్టీరింగు మళ్ళీ దడదడమంది. దాంతోపాటు ఆయన చేతులు. ఇప్పుడు తేడా తెలియడం లేదు.

ఊళ్ళోకి మెల్లగా వచ్చాం. టీ కొట్టు దగ్గర బెంచీల మీద మనుషులు నిండుగా ఉన్నారు. పలకరింపులు వచ్చాయి. మా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, తల మాత్రం ఊపారు. ఒకతను "ఏంటండీ, అమ్మగారు కూడా వచ్చారే, పట్టుబడా?" అని అడిగాడు. "ఊరికే" అన్నాను నవ్వి. నా నవ్వు ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎవరూ జీపు వైపు రెండోసారి చూడలేదు. వాళ్ళ కళ్ళకి ఆయన ఎప్పటి మనిషే. నా మనిషి కోసం నేను అబద్ధం నడిపిస్తున్నానని తెలిసి కూడా, ఆ వీధి పొడుగునా నాకు గర్వంగానే ఉంది.

ఊరు చివర ఇళ్ళు అయిపోయి కాలువ రోడ్డు మొదలయ్యే చోట ఆయన బండి పక్కకి తీసి ఆపారు. నేను అడగలేదు. ఆయనే ఇంజను కట్టేసి దిగి, ఇటు తిరిగొచ్చి నా తలుపు దగ్గర నిలబడ్డారు.

"బిగించెయ్. ఇక్కడినుంచి నువ్వు నడుపు. నాకు ఈ రోడ్డు మీద భయంగానే ఉంటుంది, ఎప్పటి నుంచో."

బానెట్ ఎత్తి బిగించాను. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదలకుండా పట్టుకోవాలి, నాకు రెండు చేతులూ చాలలేదు. ఆయన తన చెయ్యి నా చేతి మీద వేసి స్క్రూడ్రైవరుని అదిమి పట్టారు. ఇద్దరి చేతులూ కలిసి వణికాయి, అయినా స్క్రూ కదల్లేదు. తర్వాత ఆయన ఎడమ సీట్లో కూర్చున్నారు. అంతకుముందు ఆ సీట్లో ఆయన్ని నేను చూడలేదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు సర్దుకున్నారు.

"రేపు పొద్దున డాక్టరు దగ్గరికి" అన్నాను, గేరు వేస్తూ.

"ఎల్లుండి. రేపు మేత లారీ వస్తుంది."

"రేపే."

ఈసారి విననట్టు ఊరుకున్నారో, విని ఊరుకున్నారో నాకు తెలియలేదు. అడిగితే పోట్లాట అవుతుందని నేనూ ఊరుకున్నాను. నోరు మూసుకుని నడపడం నాకు బండి నడపడం కన్నా కష్టంగా ఉంది.

కాస్త దూరం పోయాక ఎదురుగా మోటారు సైకిలు మీద మా పక్క చెరువుల రైతు వస్తూ కనబడ్డాడు. కిందటేడే ఇద్దరు రైతుల చెరువులు లీజుకి తీసుకున్న మనిషి. దూరం నుంచే మా జీపుని గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు. దగ్గరికొచ్చేసరికి స్టీరింగు దగ్గర నేనుండటం చూసి వేగం తగ్గించాడు. నా కాలు యాక్సిలరేటరు మీద బరువైంది. ఆగకుండా దాటిపోదామనుకున్నాను.

మా ఆయన కుడి చెయ్యి ఎత్తారు. అద్దం ముందు, ఎదుటి మనిషికి బాగా కనబడేట్టు ఎత్తి, పలకరింపుగా అలాగే ఉంచారు. చెయ్యి గాల్లో వణుకుతోంది. ఆ రైతు దాన్ని చూశాడు. బండి ఆపి ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు. ఆయన చెయ్యి దించలేదు.

"ఆపు" అన్నారు నాతో. "చూశాడుగా. అడగనీ, లీజుకివ్వనని చెబుతా."

నేను గడ్డి వారగా జీపు ఆపాను.